జీరో టికెట్లు చెప్పిన లెక్క

డిసెంబరు ఆఖరి ఆదివారం పుస్తకాల అలమారా దులిపాను. ఏడాదికి ఒకసారి చేసే పని, అదీ అమ్మ వస్తున్నదని తెలిసినప్పుడు. పుస్తకం తీసి రెండు దెబ్బలు కొట్టగానే ఒక్కోదాంట్లోంచి ఒక్కో బస్సు టికెట్ రాలింది. అన్నీ జీరో టికెట్లే. మా స్కూలు పరకాల దగ్గర ఒక పల్లెలో. హనుమకొండ నుంచి రోజూ బస్సులోనే పోయి వస్తాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ప్రయాణం ఫ్రీ అయ్యాక కండక్టరు ఆధార్ చూసి సున్నా రూపాయల టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. ఎక్కడిదాకా చదివానో గుర్తుకు దాన్నే పేజీల మధ్య దూర్చడం అలవాటైంది.

మొత్తం పన్నెండు రాలాయి. ఆ కాగితం మీద అచ్చు ఎక్కువ కాలం నిలవదు. నవంబరు టికెట్ మీద తేదీ, ఊరు చక్కగా కనిపిస్తున్నాయి. జూన్‌ది ఎండకు పట్టుకుంటే తెలుస్తుంది. ఫిబ్రవరిది దాదాపు తెల్లకాగితం. ఒకటైతే పూర్తిగా తెల్లబడింది, అది ఈ ఏడాదిది కాదు. దాని సంగతి తరవాత చెప్తాను. అవి దొరికిన పేజీలు చూస్తే 34, 58, 71, మళ్లీ 34. ఒకటి ముందుమాట కూడా దాటలేదు.

సరిగ్గా అదే రోజు మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో ఒకాయన తాను ఈ ఏడాది చదివిన పుస్తకాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఫొటో పెట్టాడు. నలభై దాకా ఉన్నాయి. కుళ్లుకున్నాను, దాచడమెందుకు.

నేను లెక్కల టీచర్ని. ఫొటో కన్నా పట్టిక మీదే నాకు నమ్మకం. జనవరి ఒకటిన మొదలుపెట్టిన నోటుబుక్కు తీసి కూడాను. ఈ ఏడాది మొదలుపెట్టిన పుస్తకాలు 23, పూర్తి చేసినవి 11. ఇక్కడిదాకా సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ ఎందుకు గీశానో, ‘ఎక్కడిది’ అని ఇంకో గడి కూడా గీసి పెట్టాను. అక్కడ దొరికిపోయాను. కొన్నవి 13, వాటిలో చివరిదాకా చదివినవి రెండు. అరువు తెచ్చినవి 10, వాటిలో తొమ్మిది పూర్తి. రాలిన టికెట్లలో పదకొండు, కొని సగంలో వదిలేసిన ఆ పదకొండు పుస్తకాలవే.

పుస్తకం కొనడం చదవడానికి తొలిమెట్టు అని ఇన్నాళ్లు అనుకున్నాను. పిల్లలకు కూడా అదే చెప్పాను. నా విషయంలో మాత్రం అది చదవకుండా ఉండటానికి దొరికిన మర్యాదైన దారి. పోయిన ఏడాది డిసెంబరులో హైదరాబాదు బుక్ ఫెయిర్ నుంచి రెండు సంచులు మోసుకుంటూ కాజీపేటలో రైలు దిగాను. భుజం గుంజింది. ఆ రాత్రి అన్నిటినీ మంచం మీద పరిచి, అట్టలు తిప్పి, వెనకాల రాసినవి చదివి, లోపలి పేజీలు వాసన చూసి పడుకున్నాను. కడుపు నిండినట్టైంది. ఇంక ఆకలెక్కడిది?

అద్దె పుస్తకాల రోజులు

మా ఇంట్లో చదువుడు పిచ్చి అమ్మది, చిన్నమ్మది. ఇద్దరూ కలిసి పది పుస్తకాలు కూడా కొని ఉండరు. హనుమకొండ చౌరస్తాకు కాస్త ఎడంగా ఒక సందులో అద్దె పుస్తకాల దుకాణం ఉండేది. నవల రోజుకు రూపాయి. రెండో రోజు ఉంచుకుంటే ఇంకో రూపాయి. అందుకని అమ్మ పగలు, చిన్నమ్మ రాత్రి. బాపు లైటు ఆర్పమని కేకలేసేదాకా చిన్నమ్మ చదివేది. పొద్దున ఎనిమిదింటికి నేను బడికి పోతూ దుకాణంలో ఇచ్చి, కొత్తది పట్టుకురావాలి. ఏది తేవాలో ఒక చీటీ మీద రాసిచ్చేవాళ్లు. చీటీలో రాసింది లేకపోతే దుకాణమాయన తనకు తోచింది చేతిలో పెట్టేవాడు. ‘రేపు పొద్దుగాల తేవాలె, ఇంకో ఇంటోళ్లు అడుగుతున్నరు’ అనేవాడు ప్రతిసారీ. అడుగుతున్నారో లేదో నాకు అనుమానమే. అమ్మ మాత్రం నమ్మేది.

ఒకసారి ఒక నవలకు ఆఖరి నాలుగు పేజీలు లేవు. అమ్మ, చిన్నమ్మ వారం రోజులు వాడకట్టంతా తిరిగి, అంతకు ముందు చదివినవాళ్లను పట్టుకుని ముగింపు అడిగారు. ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఆ మూడూ ఇప్పటికీ అమ్మకు గుర్తున్నాయి.

ఇప్పుడు అదే అమ్మకు నేను పెద్దక్షరాల పుస్తకాలు కొనిచ్చాను. టీవీ పక్కన పేర్చి పెట్టుకుంది. ఎప్పుడడిగినా ‘ఎటు పోతయి బిడ్డా, ఇంట్లనే ఉన్నయి గద’ అంటుంది. నా పదకొండు టికెట్ల సంగతి కూడా అంతే.

సారు ఖాతా

నేను అరువు తెచ్చిన పదిలో ఏడు సారువి. రిటైరైన తెలుగు పండితుడు, మాకు రెండు సందుల అవతల ఇల్లు. రెండు గదుల నిండా పుస్తకాలు. కిరాణా కొట్లో ఉండేలాంటి ఎర్ర గుడ్డ అట్ట ఖాతా ఒకటుంది ఆయన దగ్గర. తేదీ, పుస్తకం, తీసుకున్నవాళ్ల పేరు, ‘వచ్చింది’ అని చివర ఒక గడి. 1991 నుంచి నిండని గడులు కూడా అందులో ఉన్నాయి. కొన్ని పేర్ల మనుషులే ఇప్పుడు లేరు. అయినా కొట్టెయ్యలేదు.

పుస్తకం ఇచ్చాక ప్రతి శనివారం సాయంత్రం ఫోను చేస్తారు. ‘ఏం తల్లీ, ఎందాక వచ్చినవ్?’ అంతే. తిట్టరు, తొందరపెట్టరు. కానీ శుక్రవారం రాత్రి నాకు టెన్షన్ మొదలవుతుంది. ముప్పై పేజీలైనా ముందుకు జరగకపోతే ఆ ఫోను ఎత్తలేను. ఈ వయసులో హోంవర్కు చేయని పిల్లలా ఉంటుంది నా పరిస్థితి.

బస్సులో చదవడం కూడా ఇదివరకులా లేదు. ఫ్రీ అయ్యాక ఆడవాళ్లతో బస్సు నిండుగా పోతున్నది, గూడెప్పాడ్ క్రాస్ దాటాకగానీ సీటు దొరకదు. నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని పేజీ తిప్పే విద్య నాకు రాలేదు. మొదట్లో విసుగొచ్చేది. తరవాత చూస్తే, కూలికి పోయేవాళ్లు, దవాఖానకు పోయేవాళ్లు, పుట్టింటికి ఊరికే పోయి చూసొచ్చేవాళ్లు, అంతమంది ఆడవాళ్లను ఆ బస్సులో అంతకుముందు ఎన్నడూ చూడలేదు. వాళ్ల సీటులో నా నవలకు చోటు లేదని ఏడవడం సిగ్గుచేటనిపించింది. సీటు దొరికిన రోజు పద్దెనిమిది పేజీలు, దొరకని రోజు సున్నా.

జూలైలో సారు దగ్గర ‘చిల్లర దేవుళ్లు’ తెచ్చుకున్నాను. ఒకరోజు పక్క సీట్లో కూచున్న పెద్దమ్మ చాలాసేపు పుస్తకం వంకే చూసి, ‘ఏం రాసిండ్రు బిడ్డా, గంత పట్టి సదువుతున్నవ్?’ అంది. కళ్లు చూపించుకోవడానికి హనుమకొండ వస్తున్నది. నిజాం కాలంలో ఒక దొర గురించి అన్నాను. ‘సదువు, ఇంట’ అంది. రెండు పేజీలు పైకి చదివాను. ముందు సీటువాళ్లు కూడా వెనక్కి తిరిగారు. దొర గడీలో వెట్టి గురించి వచ్చేసరికి ఆమె నన్ను ఆపి, ‘గీ ముచ్చట మా అత్త చెప్పేది. గీయన మా ఊరికొచ్చిండా?’ అని అడిగింది. దాశరథి రంగాచార్యది మానుకోట దిక్కు చిన్నగూడూరు అని చెప్పాను. ‘మల్ల గట్లనే ఉంటది, గక్కడ గట్ల ఇక్కడ ఇంకోతీరా?’ అంది. బస్టాండులో దిగేటప్పుడు, ‘ఆఖరికి ఆ దొర ఏమైండు?’ అని అడిగింది. నేను ఇంకా సగంలోనే ఉన్నాను. చెప్పలేకపోయాను. మళ్లీ కనబడితే చెప్పాలని ఆ నాలుగు రోజుల్లో పూర్తి చేశాను. ఆమె మళ్లీ కనబడలేదు.

ఇప్పుడు ఆ పన్నెండో టికెట్. పూర్తిగా తెల్లబడినది, 41వ పేజీలో ఉన్నది. ఏ పుస్తకంలో అంటే, ‘చిల్లర దేవుళ్లు’ నా సొంత కాపీలో. రెండేళ్ల కింద కొని, 41 పేజీలు చదివి, అలమారాలో వెనక వరసలోకి తోసి, నా దగ్గర ఉన్న సంగతే మరిచిపోయి, సారు దగ్గర అరువు తెచ్చుకుని చదివానన్నమాట. అంతవరకు నాకొక అనుమానం ఉండేది. బహుశా నేను కొనేవాటి ఎంపికే బాగోలేదేమో, బుక్ ఫెయిర్‌లో చదవాలనిపించేవి కాకుండా చదివినట్టు కనబడాలనిపించేవి కొంటున్నానేమో, సారు మంచివి ఏరి ఇస్తున్నారేమో అని. పుస్తకం ఒకటే, చదివినదీ నేనే. ఒక కాపీ 41 దగ్గర ఆగింది, ఇంకొకటి చివరిదాకా పోయింది. లెక్కల టీచరుకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

గడువు మీద కొన్ని అనుమానాలు

రుజువు దొరికాక కూడా మనసు పూర్తిగా ఒప్పుకోలేదు. ఏప్రిల్‌లో స్పాట్ వాల్యుయేషన్ నడుస్తుండగా సారు ఇచ్చిన ఒక చరిత్ర పుస్తకాన్ని ఆరు రోజుల్లో పూర్తి చేశాను. పొద్దంతా పదో తరగతి పేపర్లు దిద్ది, రాత్రి దాన్ని కూడా పేపరు దిద్దినట్టే చదివాను. ఇప్పుడు దాంట్లోంచి ఏమైనా చెప్పమంటే అట్ట రంగు చెప్పగలను. నోటుబుక్కులో ‘పూర్తి’ అని రాసుకున్నాను, అంతే. ఆ తొమ్మిదిలో అదీ ఉంది.

ఇంకోటి, నేను కొని పూర్తి చేసిన ఆ రెండింటిలో ఒకటి పిల్లల కథలు, పడుకునేముందు మా చిన్నదానికి చదివి వినిపించినవి. రెండోది కవితల పుస్తకం. అది వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. అన్నం ఉడికేలోపు ఒకటి చదువుతాను, కొన్నిసార్లు అదే మళ్లీ చదువుతాను. మూడు చోట్ల పసుపు మరకలున్నాయి. అరువు తెచ్చినదైతే ఆ మరకలకు సారు మొహం ఎట్లా చూసేదాన్ని? కవిత్వానికి గడువు పెట్టలేం. దాన్ని కొనుక్కోవాల్సిందే, పాడుచేసుకోవాల్సిందే.

లైబ్రరీ నుంచి మూడు తెచ్చాను. ఊళ్లో ఉన్న ఒక ప్రభుత్వ లైబ్రరీ. రీడింగ్ రూం నిండా గ్రూప్స్‌కు, కానిస్టేబుల్ ఉద్యోగాలకు చదివే పిల్లలు. ఎవరి నీళ్ల సీసా వాళ్లది, ఎవరి దిండు వాళ్లది. నవలల బీరువాకు తాళం. తీయమంటే ఒక్కసారే అన్ని తలలు లేచాయి, ఏదో చప్పుడైందన్నట్టు. నేను తీసుకున్న నవల వెనక అంటించిన గడువు చీటీ మీద ఆఖరి ముద్ర 2011ది. పద్నాలుగేళ్ల తరవాత నా తేదీ. ఆ పైన ముద్ర ఎవరిదో, చదివారో ఊరికే తెచ్చి ఇచ్చారో, చాలాసేపు ఆలోచించాను. మన ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం. అంటే ఆ పుస్తకానికి డబ్బు నేనూ ఇచ్చాను, మీరూ ఇచ్చారు. ఇచ్చి తాళం వేసి పెట్టుకున్నాం. ఆ పరీక్షల పిల్లల్ని మాత్రం నేనేమీ అనను. వాళ్లదీ గడువు చదువే, నోటిఫికేషన్ తేదీ తలమీద వేలాడుతుంటే చదివేది. నాకన్నా గట్టి గడువు.

లైబ్రరీ పుస్తకాల్లో ఒకటి పూర్తి కాలేదు. అది ఎందుకాగిందో చెప్తాను. మొన్న డిసెంబరులో పంచాయతీ ఎన్నికల డ్యూటీ పడింది. ముందు రోజు రాత్రి ఆ ఊరి బడిలో బెంచీలు కలిపి పడుకున్నాం. చలికి నిద్ర పట్టక ఫోను లైటు వేసుకుని అరవై పేజీలు చదివాను. మరునాడు లెక్కింపు ముగించి, సంచులు మోసుకుని, వ్యాన్ ఎక్కేటప్పుడు పుస్తకం బెంచీ మీదే మరిచిపోయాను. ఆ ఊరి సారు తెచ్చి ఇచ్చేసరికి గడువు దాటింది, లైబ్రరీలో ఇచ్చేశాను. మిగతా సగం మళ్లీ తీసుకోలేదు. అరువు మీద ఇంత మాట్లాడేదాన్ని, అది కూడా చెప్పాలి.

నీళ్లొచ్చిన రాత్రి

అక్టోబరు ఆఖర్లో మొంథా తుఫానుకు వరంగల్, హనుమకొండ ఎట్లా అయ్యాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. సారు ఇల్లు పల్లంలో ఉంది. నడుం లోతు రాలేదు గానీ మోకాళ్ల దాకా వచ్చాయి. మనుషులు పక్కింటి మేడెక్కారు. కింది రెండు అరలు మునిగాయి.

మూడో రోజు పోయాను. ముందుగదిలో నులక మంచాల మీద, కుర్చీల మీద, నేల మీద పరిచిన చీరల మీద పుస్తకాలు. ఫ్యాన్లు ఫుల్లుగా తిరుగుతున్నాయి. పేజీల మధ్య న్యూస్ పేపరు ముక్కలు పెడుతూ సారు, ఆయన కోడలు కూచున్నారు. నున్నటి కాగితం పుస్తకాలు ఇటుకల్లా గట్టిపడ్డాయి. విడదీస్తే చిరుగుతాయి. పాత కాగితం కాస్త నయం, ఉబ్బింది గానీ విడిపోయింది. నేనూ కూచుని పేపరు ముక్కలు పెట్టాను. ఎవరం ఎక్కువ మాట్లాడలేదు.

ఖాతా పైఅరలో ఉండి బతికింది. సాయంత్రం సారు దాన్ని తెప్పించి, కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో పేజీ చూశారు. కింది అరల్లో ఉండాల్సినవాటిలో ఇరవై మూడు పుస్తకాలు అప్పుడు బయట ఉన్నాయి. ఒకరి ఇంట్లో ఒకటి, ఇంకొకరి ఇంట్లో రెండు. ఒకటి మా ఇంట్లో. ఆ రాత్రి ఆయన అందరికీ ఫోన్లు చేశారు. ఈసారి ‘ఎందాక వచ్చినవ్’ అని అడగలేదట, ‘ఉన్నదా?’ అని అడిగారట. ‘ఇచ్చినయే మిగిలినయి తల్లీ’ అన్నారు నాతో. అది బాధో నవ్వో నాకు తెలియలేదు.

మరి కొనేదెవరు?

ఇదంతా చెప్తే మా స్టాఫ్‌రూంలో ఒక మేడం నిలదీసింది. ఆమె భర్త కథలు రాస్తారు. సొంత డబ్బుతో ఐదు వందల కాపీలు వేయించారు. మూడొందల కాపీలు ఇంకా మంచం కింద ఉన్నాయి. ‘నీలాంటి చదివేటోళ్లంత అరువు తెచ్చుకుంటే ఆ మంచం కిందియి ఎప్పుడు కదలాలె?’ అంది. నా దగ్గర జవాబు లేదు. అంత ఆలోచించాల్సిన పని కూడా లేదు, ఆమె చెప్పింది నిజం.

ఈ ఊరికి పుస్తకాలు పంచుకోవడం కొత్త కాదు. రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయం ఇక్కడే హనుమకొండలో 1904లో పెట్టారు. తెలుగు చదువుకే చోటు లేని రోజుల్లో జనం చదివింది అట్లాంటి చోట్ల, ఒకరి తరవాత ఒకరు. కానీ అదే తెలంగాణలో వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మారు. ఎవరో ఒకరు కొంటేనే ఎవరో ఒకరికి అరువు దొరికేది. సారు రెండు గదులు నిండింది జీతం డబ్బుతోనే కదా. నేను ఆయన దగ్గర ఏడు పుస్తకాలు ఉచితంగా చదివానంటే, ముప్పై ఏళ్లు ఆయన కొన్నారు గనుక.

అందుకని కొనడం మానను. మేడం భర్త పుస్తకం రెండు కాపీలు కొన్నాను. ఒకటి నా అలమారాలో పెడితే దాని గతేమిటో నాకు తెలుసు. రెండోది ఏం చేశానో చెప్పే ముందు ఇంకో సంగతి ఒప్పుకోవాలి.

అలమారా దులుపుతుంటే అడుగున ఇంకో పుస్తకం దొరికింది. అందులో టికెట్ లేదు. పదకొండేళ్ల కింద బదిలీ మీద పోయిన ఒక టీచరుది. మొదటి పేజీలో ఆమె రాత: ‘ఇది కానుక కాదు, అప్పు. చదివి ఇవ్వాలి.’ ఒక్క పేజీ చదవలేదు. అరువు పుస్తకమే మరి, ఎందుకు చదవలేదు? ఆమె అడగలేదు. రెండు మూడు నెలలకు ఇద్దరి ఫోన్ నంబర్లూ మారాయి, అంతే. నేను ఇంతసేపు కట్టుకొచ్చిన సూత్రం ఈ ఒక్క పుస్తకం దగ్గర చెడిపోయింది. సొంతమా అరువా అన్నది కాదేమో అసలు సంగతి. శనివారం ఫోను చేసేవాళ్లు, దొర ఏమయ్యాడని అడిగేవాళ్లు ఉన్నారా లేరా అన్నదేమో. ఇంకా పూర్తిగా తేల్చుకోలేదు. ఆమె నంబరు కోసం మాత్రం ఇద్దరిని అడిగాను.

రెండో కాపీని మా తొమ్మిదో తరగతి పిల్లకు ఇచ్చాను. లెక్కల్లో యావరేజి, లైబ్రరీ పీరియడ్‌లో మాత్రం కిటికీ పక్కన కూచుని కదలదు. ‘పది రోజుల్లో తేవాలె’ అన్నాను, దుకాణమాయనలాగే. నాలుగో రోజే తెచ్చింది.

‘టీచర్, మీరు సదివిన్రా?’

‘సగం’ అన్నాను. సగం కూడా కాదు, మొదటి కథ.

‘గట్లయితే ఆఖరి కథ గురించి నేను చెప్ప. మీరే సదవాలె.’

అప్పటి నుంచి రోజూ ప్రేయర్ అయ్యాక వరసలోంచి పోతూ నా దగ్గర ఆగుతుంది. ‘ఎందాక వచ్చిన్రు టీచర్?’ అని అడుగుతుంది. నిన్న 63 అన్నాను. బస్సులో సీటు దొరకలేదన్నాను. ‘నేను నిలబడే సదువుత టీచర్’ అని పోయింది.